జంట సొరంగములు: ముందేది, వెనుకేది?
— ఒక లెక్కపై విమర్శ —

మూడును అయిదును కలిపినను, అయిదును మూడును కలిపినను వచ్చునది ఎనిమిదియే. గణితములో దీనిని స్థిత్యంతర న్యాయమందురు. కాని లోకములోని పనులన్నియు కూడికలు కావు. కందిపప్పు ఉడికిన పిదప చింతపండు పులుసు పోసినచో పప్పుపులుసు అగును. పులుసు ముందే పోసినచో పప్పు ఎంతసేపటికిని సరిగా ఉడకదు. పాత్రలోని వస్తువులు అవియే. మారినది క్రమము మాత్రమే.

నగరముల క్రింద, నేలకు చేరువగా, ప్రక్కప్రక్కనే త్రవ్వు సొరంగములు కూడికవంటివా, పప్పుపులుసువంటివా? ఇంజనీరులు చాలకాలము వీనిని కూడికగా లెక్కించిరి. తొలి అంచనాకు ఇప్పటికిని అట్లే లెక్కించుచున్నారు. ఆ లెక్క ఎట్టిది, దానివలన కలుగు మేలెంత, దానికి కనబడని విషయమేమి, ఆ విషయము అనుభవములో ఎట్లు బయటపడినది — ఇవి ఈ వ్యాసమున విమర్శింపబడును. ఇది ఇంజనీర్లకు మాత్రమే చెందిన విషయము కాదు. ఉన్నత పాఠశాలలో బలము, పీడనము, స్థితిస్థాపకత బోధించు ప్రతి ఉపాధ్యాయునకు ఇందులో పనికివచ్చు పాఠమొకటి కలదు.

మన విద్యార్థులలో పలువురు చెన్నై, బెంగుళూరు నగరములలో భూగర్భపు మెట్రోరైలు ఎక్కియుందురు. (హైదరాబాదు మెట్రో స్తంభములమీద నడచుచున్నది.) భూగర్భములో పోవు రైలునకు ఒక గొట్టము, వచ్చు రైలునకు ఇంకొక గొట్టము ఉండును. రెంటిని సరిగా ఒకే క్షణమున త్రవ్వుట సాధ్యము కాదు. చాలవరకు ఒకటి ముందు, ఇంకొకటి వెనుక. కనుక క్రమమను ప్రశ్న తప్పించుకొనరానిది.

లోతు తక్కువ, ఎడము తక్కువ

సొరంగపు కప్పునుండి నేల ఉపరితలమువరకు గల మట్టి మందము సొరంగపు వ్యాసమునకు రెండు మూడు రెట్లకు మించనిచో దానిని లోతు తక్కువ సొరంగమనవచ్చును. రెండు సొరంగముల నడుమ మిగులు మట్టిగోడ ఒక వ్యాసముకంటె సన్నమైనచో అవి దగ్గర సొరంగములు. ఈ హద్దులు రాతిమీద చెక్కినవి కావు, మట్టినిబట్టి మారును.

లోతైన సొరంగమునకు పైన మట్టి మందముగా ఉండును. త్రవ్వగా ఏర్పడిన ఖాళీకి పైనున్న మట్టి కమానువలె బిగిసి, తన బరువును ఇరుప్రక్కలకు మోసికొనిపోవును. లోతు తక్కువైనపుడు అట్టి కమాను పూర్తిగా ఏర్పడుటకు చోటు చాలదు. లోపల జరిగిన కదలిక పైకి ప్రాకి వీధిని, ఇంటి పునాదిని, నీటిగొట్టమును కదల్చును. అందుచేత ఇచట రెండు భయములు కలవు: లోపల సొరంగము కూలుట, పైన నేల కుంగుట.

లెక్క ఎట్టిది?

ఒక ఉదాహరణ తీసికొందము. 6 మీటర్ల వ్యాసముగల రెండు సొరంగములు ప్రక్కప్రక్కన ఉన్నవి. వాని అక్షములు నేలకు 15 మీటర్ల లోతున ఉన్నవి. నడిమి మట్టిగోడ 3 మీటర్లు. అనగా అక్షముల నడుమ దూరము 9 మీటర్లు. ఘనపు మీటరు మట్టి బరువు 20 కిలోన్యూటనులనుకొన్నచో 15 మీటర్ల లోతున ప్రతిబలము 300 కిలోపాస్కలులు. ఇది అన్ని ప్రక్కల సమానమని అనుకొందము.

గుండ్రని రంధ్రముచుట్టు ప్రతిబలము ఎట్లు మారునో 1898లో జర్మనీ దేశీయుడు కిర్ష్ గణించి చూపెను. అన్ని ప్రక్కల ఒకే ప్రతిబలమున్న స్థితిస్థాపక పదార్థములో రంధ్రము చేసినచో, దాని అంచున చుట్టు దిశలోని ప్రతిబలము మొదటిదానికి రెండింతలగును. కేంద్రమునుండి దూరము పెరిగినకొలది ఆ అదనపు భాగము దూరపు వర్గమునకు విలోమముగా తగ్గును. మన ఉదాహరణలో మొదటి సొరంగపు అంచున 600 కిలోపాస్కలులు; అంచునుండి 3 మీటర్ల దూరమున, అనగా కేంద్రమునుండి 6 మీటర్ల దూరమున, 375 కిలోపాస్కలులు.

ఈ సంఖ్యను ఒకసారి ఆగి చూడవలెను. ఆ 3 మీటర్ల దూరముననే రెండవ సొరంగపు అంచు రాబోవుచున్నది. మొదటి సొరంగము 300 కిలోపాస్కలుల నేలలో త్రవ్వబడినది. రెండవది నడిమి గోడప్రక్కన అప్పటికే 375కు పెరిగియున్న నేలలో త్రవ్వబడును. గొట్టములు రెండును కవలలే. పుట్టిన ఇల్లు మాత్రము ఒకటి కాదు.

ఇక పైన కుంగుదల. సొరంగము త్రవ్వునపుడు చుట్టునున్న మట్టి కొంత లోనికి జరుగును. అందుచే సొరంగపు కొలతకంటె కొంచెము ఎక్కువ మట్టి బయటకు వచ్చును. ఈ ఎక్కువను సొరంగపు అడ్డుకోత వైశాల్యములో శాతముగా చెప్పుదురు. దానిని ఇచట మట్టినష్టమందము. అమెరికా ఇంజనీరు రాల్ఫ్ పెక్ 1969లో మెక్సికో నగరమున జరిగిన అంతర్జాతీయ మృత్తికా యాంత్రికశాస్త్ర సభలో, సొరంగముపై నేల కుంగుడు గణాంకశాస్త్రములోని గంట ఆకారపు గాస్ వక్రమును పోలియుండునని చూపెను. బంకమట్టిలో ఆ వక్రపు వెడల్పును తెలుపు కొలత — మధ్యనుండి వంపు మారు బిందువువరకు గల దూరము — అక్షపు లోతులో దాదాపు సగమని పిమ్మట వచ్చిన కొలతలు తెలిపినవి.

మన సొరంగపు అడ్డుకోత వైశాల్యము 28.3 చదరపు మీటర్లు. మట్టినష్టము 1 శాతమైనచో మీటరు పొడవునకు 0.28 ఘనపు మీటరు. వంపు మారు దూరము 7.5 మీటర్లు. లెక్క వేయగా సొరంగమునకు సరిగా పైన కుంగుదల 15 మిల్లీమీటర్లు వచ్చును. రెండు సొరంగములకు రెండు వక్రములు గీసి ఒకదానిపై నొకటి కలిపినచో, రెంటి నడుమ 12.5, 12.5 మొత్తము 25 మిల్లీమీటర్లు. గుంట ఇరుప్రక్కల సమానముగా, అందముగా ఉండును. ఇట్లు విడివిడి ఫలితములను కలుపుటను అధ్యారోపణ సూత్రమందురు. తరంగముల పాఠములో, విద్యుత్ క్షేత్రముల పాఠములో విద్యార్థులు దీనిని ఎరుగుదురు.

మేలును ఒప్పుకొనవలెను

విమర్శ అనగా దోషములను ఏరుట మాత్రమే కాదు. ఈ లెక్కకు గొప్ప మేలు కలదు. కాగితము, పెన్సిలు, లఘుగణకముల పట్టిక ఉన్నచో అరగంటలో ముగియును. ఏ ఇల్లు కుంగుడు పరిధిలో ఉన్నది, ఏది లేదు అను మొదటి ప్రశ్నకు చాలవరకు నమ్మదగిన జవాబు చెప్పును. వేలకొలది కొలతలు ఒకే ఆకారపు వక్రముమీద పడుట ప్రకృతిలోని ఒక క్రమబద్ధతను చూపుచున్నది. ఒంటరి సొరంగమునకు పెక్ వక్రమును మించిన సులభ సాధనము కనబడదు. నా ఆక్షేపణ వక్రముమీద కాదు. రెండు వక్రములను కలుపునపుడు, ఆ కూడికలో చెప్పకయే దాగియున్న ఊహమీద.

లోపము ఎచట?

ఆ ఊహ యేమనగా: రెండవ సొరంగము త్రవ్వునపుడు నేల తనకు మొదటిది జరిగినట్లే తెలియనట్లు ప్రవర్తించునని. శాస్త్రీయముగా చెప్పవలెనన్నచో, నేల పరిపూర్ణ స్థితిస్థాపక పదార్థమని, ప్రతిబలమునకు వికృతి ఎల్లప్పుడు ఒకే నిష్పత్తిలో ఉండునని. అట్టి పదార్థములో తొడుగు లేని రెండు రంధ్రములు చేసినచో, ఏది ముందు చేసినను చివరకు ఏర్పడు స్థితి ఒక్కటే. ఇది సిద్ధాంతరీత్యా నిజము. కనుక స్థితిస్థాపక లెక్కను ఎంత సూక్ష్మముగా చేసినను, ఎంత పెద్ద గణనయంత్రముపై చేసినను, చివరి ఆకారముపై మాత్రమే చేసినచో క్రమమునకు సంబంధించిన ప్రశ్నకు అది జవాబీయజాలదు. కొలబద్దతో ఉష్ణోగ్రత కొలిచినట్లుండును.

నిజమైన నేలలో క్రమము మూడు ద్వారములగుండ ప్రవేశించును.

మొదటిది, నేలకు గల జ్ఞాపకము. రబ్బరు సాగి తిరిగి యథాస్థితికి వచ్చును. మట్టి అట్లు రాదు. లండను బంకమట్టివంటి గట్టి మట్టిలో కూడ వికృతి కొలదిగా పెరిగినంతనే దృఢత్వము వేగముగా తగ్గును. మొదటి సొరంగము త్రవ్వినపుడు నడిమి గోడ ఒకసారి నలిగినది. రెండవ సొరంగము వచ్చునప్పటికి అది పూర్వపు మట్టి కాదు, మెత్తబడిన మట్టి. అందుచే అదే యంత్రము, అదే పనివారు ఉన్నను, మట్టినష్టము ఎక్కువ కావచ్చును.

రెండవది, తొడుగు. మొదటి సొరంగము త్రవ్విన పిదప లోపల కాంక్రీటు తొడుగు వేయుదురు. అది అప్పటికి ఉన్న భారమునకు సర్దుకొనును. పిమ్మట ప్రక్కన రెండవది వచ్చినపుడు ఆ వైపు ఆధారము సడలును. మొదటి తొడుగు ఆ ప్రక్కకు ఉబ్బి, పైనుండి నొక్కబడి, గుండ్రని గాజు కోడిగ్రుడ్డువలె అడ్డముగా సాగును. రెండవ సొరంగపు తొడుగునకు ఈ బాధ లేదు. అది అన్నియు జరిగిన పిదప వేయబడినది. కవలలలో అన్నకు రెండు పరీక్షలు, తమ్మునికి ఒక్కటే.

మూడవది, కాలము. తొడుగు తరచుగా గొట్టముతో చిమ్ము కాంక్రీటుతో వేయుదురు. దీనిని షాట్‌క్రీటు అందురు. అది గంటలతో గట్టిపడ నారంభించి దినములతో బలము పొందును. తొడుగు పచ్చిగా ఉండగానే ప్రక్కన త్రవ్వుట ఒక విధము, పండిన పిదప త్రవ్వుట ఇంకొక విధము. మరియొక వైపు, తొడుగు పడక తెరచియున్న బంకమట్టి మొదట గట్టిగా నిలిచినట్లు కనబడినను, క్రమముగా నీటిని పీల్చి మెత్తబడును. కనుక తొందరయు ప్రమాదమే, ఆలస్యమును ప్రమాదమే.

ఇప్పుడు మన ఉదాహరణకు తిరిగివత్తము. మొదటి సొరంగమునకు మట్టినష్టము 1 శాతము. రెండవదానికి, నేల మెత్తబడినందున, 1.5 శాతమని ఊహింతము. నడుమ కుంగుదల 25 నుండి 31 మిల్లీమీటర్లకు పెరుగును. అంతకంటె ముఖ్యమైనది: గుంట ఇక సమానముగా ఉండదు. గరిష్ఠపు కుంగుదల దాదాపు 32 మిల్లీమీటర్లై, నడిమి గీతనుండి సుమారు ఒకటిన్నర మీటరు రెండవ సొరంగము వైపు జరుగును. క్రమము తారుమారు చేసినచో గుంట అవతలి ప్రక్కకు జరుగును. ఒక ప్రక్క పాఠశాల, ఇంకొక ప్రక్క ఖాళీ మైదానము ఉన్నదనుకొనుడు. ఏ గొట్టము ముందు త్రవ్వవలెనను నిర్ణయము పాఠశాల గోడలోని పగులును నిర్ణయించును. కూడిక లెక్కలో ఈ ప్రశ్నయే పుట్టదు.

కొలతలు ఏమి చెప్పుచున్నవి?

ఇది ఊహామాత్రము కాదు. వాషింగ్టను నగరపు మెట్రోలో లఫాయెట్ పార్కు క్రింద జంట సొరంగములు త్రవ్వినపుడు చేసిన కొలతలను కార్డింగ్, హాన్స్‌మైర్ అను వారు 1975లో ప్రకటించిరి. రెండవ సొరంగమువలన కలిగిన కుంగుదల మొదటిదానివలన కలిగినదానికంటె ఎక్కువ. నడిమి మట్టిగోడ నలిగినట్లు తెలిసినది.

ఐనను ప్రతిచోట రెండవదే ఎక్కువని సూత్రము వ్రాసికొనరాదు. లండనులో జూబిలీ రైలుమార్గపు పొడిగింపునకై సెయింట్ జేమ్స్ పార్కు క్రింద 1995లో త్రవ్విన మొదటి సొరంగమునకు మట్టినష్టము 3.3 శాతము, 1996లో త్రవ్విన రెండవదానికి 2.9 శాతము. ఇచట మొదటిది 31 మీటర్ల లోతున, రెండవది సుమారు 20 మీటర్ల లోతున, ఎడముగా ఉన్నవి. అనగా రెండవది తగ్గవచ్చును, పెరుగవచ్చును. లోతు, ఎడము, మట్టి, త్రవ్వు పద్ధతి అన్నియు కలిసి నిర్ణయించును. ‘రెండవదానికి ఇంత శాతము కలుపుము’ అను గ్రుడ్డి సవరణ కూడ కూడికయే. కావలసినది సవరణ సంఖ్య కాదు. వరుసగా ఆలోచించు అలవాటు.

హీత్రో పాఠము

ఈ విషయమున అందరును చదువదగినది హీత్రో వృత్తాంతము. లండను హీత్రో విమానాశ్రయమునకు రైలుమార్గము నిర్మించునపుడు, విమానాశ్రయపు నడిమి భాగమున స్టేషను కొరకు సమాంతర సొరంగములు దగ్గరదగ్గరగా త్రవ్వవలసివచ్చెను. నూతన ఆస్ట్రియా పద్ధతి అను విధానమున, మట్టిని కొలదికొలదిగా త్రవ్వుచు వెంటవెంటనే షాట్‌క్రీటు చిమ్ముచు పోవుదురు. ఆ పద్ధతి లండను బంకమట్టికి తగునా అని తెలిసికొనుటకు 1992లో అచటనే ఒక పరీక్షా సొరంగమును త్రవ్వి, అడ్డుకోతను మూడు వేర్వేరు వరుసలలో తెరచి చూచిరి. అనగా ఒంటరి సొరంగములో సైతము, ప్రక్కభాగము ముందా, పైభాగము ముందా అను ప్రశ్న కలదని అచటి ఇంజనీర్లు బాగుగా ఎరుగుదురు.

అయినను 1994 అక్టోబరు 20–21 తేదీల నడిమి రాత్రి స్టేషను సొరంగములు కూలిపోయెను. పైన నేల గోతివలె క్రుంగెను. ఒక కార్యాలయ భవనము దెబ్బతినెను. పనివారు ముందుగానే బయటకు వచ్చుటచే ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. బ్రిటిష్ ప్రభుత్వపు ఆరోగ్య భద్రతా శాఖ విచారించి 2000లో నివేదిక ప్రకటించెను. అంతకుముందే 1999లో న్యాయస్థానము రెండు సంస్థలకు కలిపి 17 లక్షల పౌనుల జరిమానా విధించెను.

నివేదిక చెప్పిన కారణములను వరుసగా చూడుడు. మొదట త్రవ్విన నడిమి సొరంగములో ఆరంభపు కొంత పొడవున తొడుగు నాసిగా కట్టబడెను. ముఖ్యముగా అడుగు వంపులో. పిమ్మట పైనున్న భవనము కుంగకుండ దానిని లేపుటకు నేలలోనికి సిమెంటు ద్రావణమును ఒత్తిడితో ఎక్కించిరి. ఆ ఒత్తిడి క్రిందనున్న అదే తొడుగును దెబ్బతీసెను. దానికి చేసిన మరమ్మతు చాలినది కాదు. ఆ పిదప, అట్లు బలహీనమై విఫలమగుచున్న నేలలోనే, ప్రక్కన సమాంతర సొరంగమును త్రవ్విరి. తుదకు దెబ్బ ఒకచోటనుండి ఇంకొకచోటికి ప్రాకి అన్నియు కూలెను.

క్రమమొక్కటియే కారణమని చెప్పుట అన్యాయము. నాసిపని, చాలని మరమ్మతు, కొలమానములు చూపిన హెచ్చరికను లెక్కచేయకపోవుట, పని త్వరగా సాగవలెనను ఆత్రము — ఇవన్నియు నివేదికలో ఉన్నవి. కాని ఒక్క ప్రశ్న వేసికొందము. రెండవ సొరంగమును ఆపి, మొదటిదాని అడుగు వంపును సరిచేసి, తొడుగు కదలిక నిలిచినదని కొలిచి చూచిన పిదప మొదలుపెట్టియున్నచో? అవియే గొట్టములు, అదియే మట్టి, అదియే ఎడము. చివరి పటములో ఒక్క గీత కూడ మారదు. మారునది వరుస మాత్రమే. ఆ మార్పుతో గొలుసులోని ఒక లంకె తెగియుండును.

ఈ నివేదికను నేను మెచ్చుకొనుటకు ముఖ్య కారణమిది: అది కూలిపోవుటను ఒక దృశ్యముగా కాక ఒక కథగా, ముందు వెనుకలతో చెప్పినది. ‘ఆ సొరంగము బలమైనదా?’ అని అడుగక, ‘ఏ నాడు ఎంత బలముతో ఉన్నది?’ అని అడిగినది. విజ్ఞానములో ఈ రెండు ప్రశ్నల నడుమ భేదము చాల గొప్పది. సామాన్య చదువరికి సాంకేతిక భాగములు కఠినముగా తోచవచ్చును. ఐనను ఉపాధ్యాయులు ఆ కారణముల వరుసను నల్లబల్లపై బాణపు గుర్తులతో వ్రాసి చూపినచో విద్యార్థులు గ్రహింపగలరు.

క్రమమును ఎట్లు నిర్ణయింతురు?

రెండు సొరంగముల ముఖములు ప్రక్కప్రక్కనే ముందుకు సాగినచో తొడుగులేని రెండు భాగములు ఒకే అడ్డుకోతలో పడును. నడిమి గోడకు ఏ ప్రక్కను ఆధారముండదు. మన ఉదాహరణలో ఇరు సొరంగముల మీది బరువులో చెరిసగము ఈ గోడమీదికి వచ్చినదనుకొన్నచో, 9 మీటర్ల వెడల్పు మట్టి బరువును 3 మీటర్ల గోడ మోయవలెను. సగటు ప్రతిబలము 900 కిలోపాస్కలులు. ఇది మిక్కిలి హెచ్చు అంచనా. తొడుగులు పంచుకొన్నచో తగ్గును. కాని ఆ తొడుగు పడునంతవరకు గోడ ఎంత ఒంటరిదో దీనివలన తెలియును. అందుచేత ఒక ముఖమును ఇంకొకదానికంటె కొన్ని వ్యాసముల దూరము వెనుకగా నడుపుదురు. అప్పుడు రెండవది వచ్చుసరికి మొదటిదాని తొడుగు వలయముగా మూసికొని గట్టిపడియుండును. దీనికిని వెల కలదు: మొదటి తొడుగు రెండవదాని రాకను భరించునట్లు బలముగా కట్టవలెను, లేదా లోపల తాత్కాలికముగా ఊతములు పెట్టవలెను.

మూడు సొరంగములు వరుసగా ఉన్నచో సమస్య ఇంకను ఆసక్తికరము. నడిమిది ముందు త్రవ్వినచో దాని తొడుగు రెండుసార్లు, ఇరుప్రక్కలనుండి బాధపడును. ప్రక్కవి ముందు త్రవ్వినచో అవి దూరముగా ఉన్నందున ఒకదానినొకటి అంతగా బాధింపవు. కాని నడిమిది త్రవ్వునపుడు రెండు సన్నని గోడలు ఒకేసారి ఏర్పడును, అదియు అప్పటికే భారము పెరిగిన నేలలో. ఏ క్రమమును ఉచితముగా రాదు. ఏ వెల ఎప్పుడు, ఏ తొడుగు చెల్లించవలెనో ఎన్నుకొనుటయే ఇంజనీరు పని.

మన బొగ్గుగనులలో పనిచేసినవారికి ఈ ఆలోచన కొత్త కాదు. గనిలో బొగ్గు స్తంభములను విడిచి గదులవలె త్రవ్వి, తుదకు ఆ స్తంభములను తీయునపుడు, ఇష్టము వచ్చిన స్తంభమును తీయరు. తీసిన అంచు ఏటవాలు గీతగా ఉండునట్లు వరుస పాటింతురు. లెక్కకు అన్ని స్తంభములు ఒకటే. కాని కప్పు కూలుట మొదలైన పిదప ఏ స్తంభము ప్రక్కన మనిషి నిలిచియున్నాడనునది వరుసనుబట్టి ఉండును.

తరగతిలో చేసి చూడుడు

గాజుముఖముగల చెక్కపెట్టె ఒకటి తీసికొని, 2 సెంటీమీటర్ల వ్యాసపు రేకు గొట్టములు రెండింటిని అద్దమునకు లంబముగా, వాని నడుమ 1 సెంటీమీటరు ఎడముండునట్లు అమర్చి, తడి ఇసుకను పొరలుపొరలుగా సమానముగా దట్టించి నింపుడు. గొట్టములపైన ఇసుక 4 సెంటీమీటర్లు చాలును. పైన అడ్డముగా ఒక దారము బిగించి, దానినుండి ఇసుకవరకు దూరమును అయిదారు చోట్ల కొలిచి వ్రాసికొనుడు.

మొదటిసారి ఎడమ గొట్టమును మెల్లగా లాగి, కొలిచి, పిదప కుడిదానిని లాగుడు. రెండవసారి అన్నియు అట్లే అమర్చి, ఎడమ గొట్టము లాగినవెంటనే ఆ రంధ్రములోనికి దళసరి కాగితపు చుట్టను దూర్చి, పిదప కుడిదానిని లాగుడు. మూడవసారి రెంటిని ఒక్కమారు లాగుడు. ప్రతిసారి నడిమి గోడలో మొదటి పగులు ఎచట వచ్చినది, కాగితపు చుట్ట ఆకారమెట్లు మారినది, కుంగుదల ఏ ప్రక్కకు మొగ్గినది విద్యార్థులచే వ్రాయింపుడు. ఇసుక తడి ఒక్కొక్కసారి ఒక్కొక్క విధముగా ఉండుటచే ఫలితములు తేడాగా వచ్చును. ఒక్కొక్కదానిని మూడు నాలుగుసార్లు చేసి పోల్చవలెను. ఆ తేడాలను దాచక వ్రాయుట కూడ పాఠములో భాగమే.

ముగింపు

అధ్యారోపణ సూత్రమును పాఠములనుండి తొలగింపవలెనని నా మతము కాదు. అది చెల్లు చోట్లు ఎన్నియో కలవు. కాని సూత్రము బోధించునపుడు దాని ఎల్లను కూడ బోధింపవలెను. ‘రెండు కారణములు కలిసినపుడు ఫలితములు కూడును’ అని చెప్పిన ప్రతిసారి, ‘మొదటి కారణము వస్తువును మార్చనంతవరకు’ అను షరతును చేర్చవలెను. తరంగము నీటిని మార్చక దాటిపోవును. అందుచే కూడిక చెల్లును. సొరంగము నేలను మార్చి అచటనే నిలుచును. అందుచే కూడిక పూర్తిగా చెల్లదు.

పరీక్షాపత్రములలో మనము సామాన్యముగా పూర్తియైన కట్టడముల పటములిచ్చి బలములు కనుగొనుమందుము. వంతెన పూర్తియైనది, ఆనకట్ట పూర్తియైనది, సొరంగము పూర్తియైనది. కాని కట్టడములలో పెక్కు పూర్తి కాకముందే, సగము కట్టియుండగా కూలినవి. అప్పుడే వాని క్రింద కూలీలు పనిచేయుచుందురు. సగము పనిలోని పటమును ఇచ్చి, ‘ఇప్పుడు ఏది ముందు చేయుదువు? ఏల?’ అని ఒక్క ప్రశ్న అడుగుట నేర్చినచో, మన విద్యార్థులలో రేపు ఇంజనీర్లు కాబోవువారికి ఆ ఒక్క ప్రశ్న మిగిలిన లెక్కలన్నిటితోపాటు అవసరమగును.